అయిదు బోర్డులు రెండు డాలర్లకే వస్తున్నా, పీసీబీ ఇంట్లో ఎందుకు చేసుకోవాలి?

మీ ప్రశ్న ఇది: "నేను ఈసీఈ మూడో ఏడాది. చైనా కంపెనీలు పది సెంటీమీటర్ల బోర్డులు అయిదింటిని రెండు డాలర్లకే చేసి పంపిస్తున్నాయి. ఇంకా ఇంట్లో ఫెర్రిక్ క్లోరైడ్‌తో కుస్తీ పట్టడం దేనికి?"

(కొత్తవాళ్ళకి ఒక మాట: పీసీబీ అంటే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు, వైర్ల బదులు రాగి గీతలుండే పలక. అక్కర్లేని రాగిని కరిగించి గీతల్ని మిగిల్చే మందే ఫెర్రిక్ క్లోరైడ్.) దేనికంటే, మీకు బోర్డు అవసరమైన రోజున ఆ రెండు డాలర్ల బోర్డు విమానంలో ఉంటుంది. పైగా ఆ ధరలో రవాణా, కస్టమ్స్ ఖర్చులు కలపలేదు. అసలు కారణం వేరే ఉంది. అది చెప్పాలంటే మా బాబాయి మోటారు సంగతి చెప్పాలి.

మా బాబాయి గుంటూరు జిల్లాలో మిరప వేస్తాడు. బోరుకి అయిదు హార్స్‌పవర్ మోటారు. ఆ రోజుల్లో పొలాలకి మూడు ఫేజుల కరెంటు కొంత పగలు, కొంత అర్ధరాత్రి ఇచ్చేవాళ్ళు. అందుకే ప్రతి బోరు దగ్గరా ఒక ఆటో స్టార్టర్ పెట్టె ఉండేది. కరెంటు వచ్చాక కాసేపు ఆగి, మోటారు తనంతట తనే వేస్తుంది. అది లేకపోతే రైతు రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని తడి గట్ల మీద నడిచి వెళ్ళి స్టార్టరు నొక్కాలి. పాము కరిచో, షాకు కొట్టో అలా పోయిన రైతుల వార్తలు మన పేపర్లలో ఎన్ని చదవలేదు! బాబాయికి అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు.

సంక్రాంతికి నేను ఊరెళ్ళేసరికి చేను కాయ మీద ఉంది, ఆటో స్టార్టరు పాడై ఉంది. ఫ్యూజు క్యారియర్లు పీకేసి మూత తీస్తే లోపల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చి) కాళ్ళ దగ్గర ఒక బల్లి మాడిపోయి ఉంది. దాంతోపాటు బోర్డూ మాడింది. మామూలుగా రాగి గీత తెగితే ఒక వైరు ముక్క అతికిస్తే సరిపోతుంది. ఇది అలా కుదిరేది కాదు. అది గోధుమ రంగు ఫినాలిక్ బోర్డు, మన ఎలక్ట్రీషియన్లు హైలం షీటు అంటారే, ఆ జాతి. మాడిందంటే బొగ్గవుతుంది, బొగ్గులో కరెంటు పారుతుంది. అక్కడున్నది 415 వోల్టులు. పైపైన గీకి వైరు వేస్తే మళ్ళీ అక్కడే నిప్పు లేస్తుంది. బోర్డు మార్చి తీరాలి.

టౌనులో అమ్మినతనికి ఫోన్ చేస్తే పండగ వెళ్ళాక రమ్మన్నాడు. పైగా బోర్డు విడిగా దొరకదట, పెట్టె మొత్తం కొత్తది కొనాలట. ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ బోర్డు మీద ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక రిలే, ఒక ఎనిమిది కాళ్ళ ఐసీ (చిప్పు), గుప్పెడు చిల్లర సామాను. పాడైంది వేలెడంత పలక. ఎవరూ బాగు చేయకూడదని ఆ ఐసీ మీద నంబరు కూడా గీకేశారు! కానీ గీతలు అబద్ధం చెప్పవు. నాలుగో కాలూ ఎనిమిదో కాలూ కలిసి ప్లస్‌కి వెళ్తున్నాయి. ఒకటోది గ్రౌండు. రెండూ ఆరూ కలిసి కెపాసిటరు దగ్గరికి. మూడోది ట్రాన్సిస్టరు మీదుగా రిలేకి. ఇది 555 టైమరు, అంటే సమయం లెక్కపెట్టే ఐసీ, కాకపోతే ఇంకేమిటి? 100 మైక్రోఫారడ్ కెపాసిటరు, 470 కిలో ఓముల రెసిస్టరు. రెండూ గుణించి 1.1తో హెచ్చిస్తే సుమారు 50 సెకన్లు. బాబాయిని అడిగితే, కరెంటొచ్చాక నిమిషం లోపే మోటారు లేచేదన్నాడు. లెక్క కుదిరింది.

"ఏరా అబ్బాయ్, ఇది నీ వల్ల అయిద్దా?" అన్నాడు.

నా ఇంజనీరింగ్ రోజుల అట్టపెట్టె వాళ్ళ అటక మీదే ఉంది. అందులో గ్లాస్ ఎపాక్సీ రాగి బోర్డు ముక్క, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఫెర్రిక్ క్లోరైడ్, ఒక మిల్లీమీటరు డ్రిల్లు బిట్టు, సోల్డరింగ్ ఐరన్ దొరికాయి. పండగపూట ఆ ఊళ్ళో లేజర్ ప్రింటర్ ఎక్కడ దొరుకుతుంది? పాత బోర్డు మీద ట్రేసింగ్ పేపరు పెట్టి గీతలు దించాను. రాగిని గిన్నెలు తోమే పీచుతో మెరిసేదాకా రుద్ది, వేలిముద్ర పడకుండా అంచులు పట్టుకుని, పర్మనెంట్ మార్కరుతో సన్న గీతలు గీశాను. వెడల్పు గీతలకి మా చెల్లి గోళ్ళ రంగు వాడాను. గోళ్ళ రంగు లాంటి రెసిస్టు (కింది రాగిని ద్రావణం తినకుండా కాపాడే పూత) ఇంకోటి లేదని ఈ రోజుకీ నా నమ్మకం. మార్కరు సిరా అక్కడక్కడా పలచబడి ద్రావణాన్ని లోపలికి రానిస్తుంది, గోళ్ళ రంగు రానివ్వదు.

415 వోల్టులున్న రిలే కాళ్ళకీ మిగతా సర్క్యూట్‌కీ మధ్య పాత బోర్డులో మరీ తక్కువ ఎడం ఉంది. బల్లి తోక పట్టేంత. నేను ఎనిమిది మిల్లీమీటర్లు వదిలి, ఆ మధ్యలో హాక్సా బ్లేడుతో సందు కోశాను. దుమ్మూ తేమా చేరినా ఆ సందు దాటి కరెంటు పాకడం కష్టం. కంపెనీ వాడికి ఆ కోతకి ఎంత ఖర్చయ్యేది చెప్పండి!

చలికాలం రాత్రి. ఫెర్రిక్ క్లోరైడ్ చల్లగా ఉంటే రాగిని తినడానికి బద్ధకిస్తుంది. పిన్ని దగ్గర పాత ప్లాస్టిక్ టబ్బు అడిగి తీసుకున్నాను. "ఇది మళ్ళీ నా వంటింట్లోకి రాకూడదు" అని చెప్పి మరీ ఇచ్చింది, అది న్యాయమే. దాన్ని వేడినీళ్ళ బేసిన్‌లో నిలబెట్టి మెల్లగా ఊపుతూ కూర్చున్నాను. మొదట రాగి రంగు మందగించి గులాబీ మచ్చలు పడ్డాయి. తర్వాత అంచుల నుంచి లోపలికి పలక బయటపడుతూ వచ్చింది. బాబాయి, పక్కింటి పిల్లలు కుర్చీలు లాక్కుని చుట్టూ చేరారు. ఆఖరి మచ్చ కరిగాక కడిగి, గోళ్ళ రంగు తుడిచేస్తే కింద రాగి గీతలు తళతళలాడాయి.

పాత బోర్డు నుంచి సామానంతా ఊడదీసి, ఒక్కోటీ మీటరుతో చూసి, దీని మీదికి మార్చాను. సోల్డరు చేసిన వైపు వార్నిష్ పూసి ఆరబెట్టాను. పెట్టెలో వైర్లు వచ్చే కన్నాలన్నీ ఎంసీల్‌తో మూశాను, ఇంకో బల్లి దూరకుండా. ముందు చిన్న సప్లై ఇచ్చి రిలే టిక్కుమనడం చూసుకున్నాకే పొలంలో బిగించాను. ఆ రాత్రి కరెంటు వచ్చిన నిమిషం లోపే మోటారు లేచింది. ఆ బోర్డు ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది.

అసలు కారణం ఉందన్నాను కదా, ఇదీ అది. చేత్తో బోర్డు చేసినవాడికి సర్క్యూట్ అంటే కాగితం మీది బొమ్మ కాదు. ఆ రాగి మందం 35 మైక్రాన్లు. ఒక మిల్లీమీటరు వెడల్పున, పది సెంటీమీటర్ల పొడవున గీత గీస్తే దానికి 0.05 ఓముల నిరోధం ఉంటుంది. రెండు ఆంపియర్ల దాకా పెద్దగా వేడెక్కకుండా మోస్తుంది, అయిదు పంపితే బాగా వేడెక్కుతుంది. ఇవన్నీ పుస్తకంలోనూ ఉన్నాయి, కానీ గీత గీసి, కరిగించి, సోల్డరు పెట్టినప్పుడే ఒంటబడతాయి. చేత్తో ఒక్క బోర్డు కూడా ఎచ్ చేయని, అంటే ఇలా రాగి కరిగించి చూడని, ఇంజనీరు రిపేరుకి పనికిరాడని నేను ఎక్కడైనా చెబుతాను.

అసలు ఈ విద్య పుట్టిందే ఇంట్లో. పాల్ ఐస్లర్ అనే ఆస్ట్రియా ఇంజనీరు 1936 ప్రాంతంలో లండన్‌లో అద్దె గదిలో ఉంటూ ప్రింటెడ్ సర్క్యూట్‌తో రేడియో చేశాడు. అతను అంతకుముందు ముద్రణ రంగంలో పనిచేసినవాడు. మనమూ ఆ దారిలోనే చేస్తున్నాం.

మరి మన దగ్గర? అమీర్‌పేట వైపు వెళ్తే ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టుతో సహా కట్టి ఇస్తారు. పిల్లలు వైవాకి ముందు రోజు తెచ్చుకుని, ఏ కాలు ఎక్కడికి వెళ్తుందో తెలియకుండానే పాసవుతున్నారు. కాలేజీలకి ఈ సంగతి తెలుసు. ల్యాబులో ఒక ట్రే, కిలో ఫెర్రిక్ క్లోరైడ్ పెట్టడానికి ఎంతవుతుంది?

ఇక మీ పని. మీరు హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో సామాను మొత్తం దొరుకుతుంది. మొదటి బోర్డు టోనర్ పద్ధతిలో చేయండి. ప్రింటరు లేజరే కావాలి, ఇంక్‌జెట్ సిరా పనికిరాదు. ఇస్త్రీపెట్టె వేడికి కరిగి రాగికి అంటుకునేది టోనర్‌లోని ప్లాస్టిక్కే. నున్నటి గ్లాసీ కాగితం మీద ముద్రించి, ఆవిరి లేని ఇస్త్రీతో గట్టిగా నొక్కి, నీళ్ళలో నానబెట్టి కాగితాన్ని వేలితో ఒలవండి. అందరూ తడబడేది మిర్రర్ దగ్గర, అంటే బొమ్మని అద్దంలోలా తిప్పే దగ్గర. కైక్యాడ్‌లో (బోర్డు గీతలు గీసే సాఫ్ట్‌వేర్ అది) అడుగు పొర పైనుంచి చూసినట్టే కనిపిస్తుంది కాబట్టి దాన్ని మళ్ళీ తిప్పకూడదు. ఆ పొరలో మీ పేరు రాసి పెట్టుకోండి. కాగితం మీద పేరు తిరగబడి, రాగి మీద సరిగ్గా పడాలి. గీతలు అర మిల్లీమీటరుకి తగ్గించకండి. రెండు గీతలు దాటాల్సిన చోట పై నుంచి వైరు జంపరు వేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. రెండు పొరలు, లోపల రాగి పూసిన రంధ్రాలు, వెంట్రుకంత ఎడం కాళ్ళున్న ఐసీలు ఉంటే మాత్రం బయటికే ఆర్డర్ ఇవ్వండి. దానికి ఇల్లు సరైన చోటు కాదు.

బాత్రూం కడిగే యాసిడ్‌లో పెరాక్సైడ్ కలిపి చేసే వీడియోలు చూసి మోసపోకండి. అందులోంచి క్లోరిన్ వస్తుంది, తలుపేసిన గదిలో ఊపిరితిత్తులు పోతాయి. ఫెర్రిక్ క్లోరైడే వాడండి. నీళ్ళలో పొడిని కొంచెం కొంచెంగా వేయాలి, కలిసేటప్పుడు బాగా వేడెక్కుతుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. స్టీలు గిన్నె వాడవద్దు, దాన్ని తినేస్తుంది.

వాడేసిన ద్రావణాన్ని సింకులోనో కాలువలోనో పోసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. అందులో కరిగిన రాగి ఉంటుంది, చేపలకి అది విషం. ఒక సీసాలో దాచి మళ్ళీ మళ్ళీ వాడుకోండి. మరీ మందగించాక చాకలి సోడా కొద్దికొద్దిగా వేస్తే పొంగి, రాగి అడుగున బురదలా దిగుతుంది. పొంగు పూర్తిగా ఆగేదాకా వేయాలి. ఆ బురదని వడకట్టి, ఆరబెట్టి, డబ్బాలో మూసి, మీ ఊళ్ళో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. మా ఊళ్ళో అలాంటి చోటు లేదు, అందుకే ఆ డబ్బా హైదరాబాద్ తెచ్చి ఇచ్చాను.