పాఠకుల ప్రశ్నలు: డ్రై రీస్లింగ్ పులుపు

ప్రశ్న: జర్మనీలోని మోజెల్ ప్రాంతపు డ్రై రీస్లింగ్ (రీస్లింగ్ ద్రాక్షతో చేసిన, తీపి తెలియని తెల్ల వైన్) తెచ్చుకున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగితే పులుపు తప్ప మరేమీ తెలియలేదు. పైగా అడుగున పలుకుల్లాంటివి కనిపించాయి. సీసా పాడైందా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు. మరీ చల్లగా తాగారంతే. 4, 5 డిగ్రీల దగ్గర వైన్ వాసనలు పైకి లేవవు, పులుపు మాత్రం పదునుగా తగులుతుంది. తాగడానికి 15, 20 నిమిషాల ముందు సీసా బయటపెట్టండి. 8 నుంచి 10 డిగ్రీలు సరైన చల్లదనం.

మూతి సన్నగా ఉండే గ్లాసులో 50 మిల్లీలీటర్లు పోయండి. ముందు గ్లాసు కదపకుండా వాసన చూడండి, తర్వాత రెండు మూడు సార్లు తిప్పి మళ్లీ చూడండి. నిమ్మ, పచ్చి యాపిల్, పీచ్ ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, ఐదారు సెకన్లు అన్ని వైపులా తిప్పి, పెదాల మధ్య నుంచి కొంచెం గాలి పీల్చండి. మింగాక నోరు ఎంత ఊరుతోందో గమనించండి. బాగా ఊరితే ఆమ్లం దండిగా ఉన్నట్టు. పులుపు పోయాక పండు రుచి ఇంకా నిలిచి ఉంటే వైన్ మంచిదే. పులుపొక్కటే మిగిలితే పండు తక్కువైన వైన్ అనుకోవచ్చు.

ఈ పులుపుకు కారణం చోటే. మోజెల్ దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. చల్లదనంలో ద్రాక్షలోని మాలిక్ ఆమ్లం త్వరగా తరిగిపోదు. రీస్లింగ్ ఆలస్యంగా పండే రకం కూడా. ఎండకు ఎదురుగా ఉన్న ఏటవాలు పలకరాతి నేల వేడిని పట్టి ఉంచకపోతే అక్కడ అది పండటమే కష్టం.

అడుగున పలుకులు టార్టారిక్ ఆమ్లపు లవణాలు. హాని లేదు, గ్లాసులోకి జారకుండా వంచుకుంటే చాలు. పాత సీసాలో కిరోసిన్‌లాంటి వాసన వస్తే బెంబేలు పడకండి, రీస్లింగ్‌కు అది సహజం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం బిరడా చెడగొట్టినట్టే. ఎంతసేపు గాలి తగిలించినా బాగుపడదు.

ప్రశ్న: సీసా మీద ‘కాబినెట్’ అని ఉంటే డ్రై అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. కోత నాటికి ద్రాక్షలో ఎంత చక్కెర ఉందో చెప్పే మాట అది. ‘ట్రోకెన్’ (జర్మన్‌లో డ్రై అని) ఉందో లేదో చూడండి. దానికి లీటరుకు 9 గ్రాములకు మించి చక్కెర మిగలకూడదు. ఆ మాట లేకుండా ఆల్కహాల్ 8 శాతం దగ్గరుంటే తీపి ఉంటుంది.

ప్రశ్న: బాగా కారంగా ఉన్న కూరతో తాగితే నోరు మండిపోయింది. దేనితో బాగుంటుంది?

జవాబు: మంటను ఆల్కహాల్ పెంచుతుంది, అడ్డుకునే తీపి డ్రై వైన్‌లో లేదు. కారానికి ట్రోకెన్ కాక, కొంచెం తీపి ఉండి ఆల్కహాల్ తక్కువున్న రీస్లింగ్ ఎంచుకోండి. ట్రోకెన్‌కు వెన్నలో వేయించిన ట్రౌట్ చేప, పంది మాంసం, తాజా మేక చీజ్ చక్కగా కుదురుతాయి. పులుపు కొవ్వును కోస్తుంది, తిండిలోని ఉప్పు ఆ పులుపును మెత్తబరుస్తుంది. వెనిగర్ ఎక్కువున్న సలాడ్ పక్కన మాత్రం పెట్టకండి. తిండి వైన్ కన్నా పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. తీపి వంటకంతో తాగితే వైన్ మరీ పుల్లగా, పలచగా అనిపిస్తుంది. అనుమానముంటే ఒక ముద్ద, ఒక గుక్క, మళ్లీ ఒక ముద్ద తీసుకోండి. రెండో ముద్ద మొదటిదాని కన్నా రుచిగా లేకపోతే ఆ సీసాకు బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మూడు రోజులు నిలుస్తుంది.