లిగూరియా తీరంలో సైకిల్ ఎక్కే ముందు

చిన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వు ఎంత సంబరంగా చెప్పావో ఇంకా చెవుల్లోనే ఉంది. ఇటలీలో వెంటిమిల్యా నుంచి లా స్పెజ్యా దాకా సముద్రం ఒడ్డునే రోడ్డు, 260 కిలోమీటర్లకు అటూ ఇటూ, రోజుకి 90 తొక్కితే మూడు రోజుల్లో అయిపోతుంది పెద్దమ్మా అన్నావు. నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఇష్టంలేక ఊరుకున్నాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. టూరిన్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ, సెలవు దొరికితే చాలు సైకిల్ రైలెక్కించుకుని ఆ తీరానికే పోయేదాన్ని. తెలిసి కూడా నీకు చెప్పకపోతే ఎలా?

నువ్వు సైకిల్ నేర్చుకున్నది భీమవరంలో, కాలవ గట్ల మీద. అక్కడ ఎత్తు అంటే కాలవ వంతెన ఒక్కటే. ఆ నేల మీద అయితే 90 నిజంగానే తొక్కేస్తావు. లిగూరియాలో కొండలు తిన్నగా సముద్రంలోకే దిగుతాయి. ఒడ్డున చోటు లేని ప్రతిచోటా రోడ్డు కొండ ఎక్కి, అవతల దిగి, మళ్లీ నీళ్ల పక్కకి వస్తుంది. మ్యాపులో ‘కాపో’ అన్న మాట ఎక్కడ కనిపించినా అక్కడ ఒక ఎక్కుడు ఉందనుకో. ఇంపేరియా దాటగానే కాపో బెర్తా, ఆ తర్వాత కాపో చెర్వో, కాపో మేలే. కాపో బెర్తా రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ నూరు మీటర్లకు పైగా ఎక్కిస్తుంది. ఇలాంటివి రోజుకి నాలుగైదు వస్తే మధ్యాహ్నానికి మోకాళ్లు మొరాయిస్తాయి.

అందుకే ఈ దారికి కిలోమీటర్లతో లెక్క వేయకు, ఎక్కే ఎత్తు మీటర్లతో లెక్కపెట్టు. సామానుతో వెళ్లే కొత్తవాళ్లకి నూరు మీటర్ల ఎత్తుకి పావుగంట పడుతుందని నా లెక్క. రోజుకి 50 కిలోమీటర్లు, 700 మీటర్ల ఎత్తు. అంతకు మించి పెట్టుకోకు. సెలవులు ఆరు రోజులు అడుగు. ఇవ్వకపోతే దారి తగ్గించుకో, వేగం మాత్రం పెంచుకోకు.

పడమర నుంచి తూర్పుకి వెళ్దామన్న నీ ఆలోచన మంచిదే. అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయి కాబట్టి దారి పొడవునా సముద్రం నీ పక్కనే ఉంటుంది, ఆగి చూడాలంటే రోడ్డు దాటనక్కర్లేదు. మొదటి రోజు హాయిగా గడుస్తుంది. ఓస్పెదలెత్తి నుంచి సాన్ లోరెంజో అల్ మారే దాకా 24 కిలోమీటర్లు పాత రైలు మార్గాన్నే సైకిల్ బాటగా మార్చారు. 2001లో పట్టాలని కొండ లోపలికి తీసుకెళ్లారు కాబట్టి సముద్రం ఒడ్డున ఉన్న పాత దారి మిగిలింది. రైలు దారి కనుక ఎక్కుళ్లు లేవు, పాత టన్నెళ్ల గుండా చల్లగా సాగిపోతావు.

ఆ రోజు సాన్‌రెమోలోనే రాత్రి ఆగు. సామాను గదిలో పెట్టి, ఊరికి తూర్పు వైపు నుంచి పోజ్జో ఒక్కటి ఎక్కి రా. 1907లో మొదలైన మిలాన్–సాన్‌రెమో సైకిల్ రేసులో దాదాపు 280 కిలోమీటర్లు తొక్కాక చివరగా ఎక్కే కొండ అదే. 3.7 కిలోమీటర్లు, వాలు సగటున నాలుగు శాతం లోపే. రెండు పక్కలా పూల పెంపకానికి కట్టిన గాజు ఇళ్లు కనిపిస్తాయి. ఖాళీ సైకిల్‌తో అది ఎక్కడానికి నీకు అరగంట దాటితే, మిగతా రోజుల ప్లాన్ ఆ రాత్రే మార్చుకో.

ఇక సైకిల్ సంగతి. దుకాణంలో ఎంత తేలికైన బండి చూపించినా ముందు గేర్ల పళ్లు లెక్కపెట్టు. పెడల్ దగ్గర ఉన్న చిన్న పళ్లచక్రం పళ్ల కన్నా, వెనక పెద్ద పళ్లచక్రం పళ్లు ఎక్కువ ఉండాలి. ముందు 30, వెనక 34 ఉంటే నిశ్చింత. రేసు బండి తీసుకెళ్తే కూర్చుని ఎక్కలేవు, నిలబడి తొక్కితే పది నిమిషాల్లో ఆయాసం. టైర్లు 32 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకో. సామాను మొత్తం పది కిలోలు దాటనివ్వకు. రెండు జతల బట్టలు చాలు, రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దుటికి ఆరిపోతాయి.

ఎక్కుడు గురించి అందరూ చెప్తారు. నేను దిగుడు గురించి చెప్తాను, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది అక్కడే. సెస్త్రి లెవాంతే దగ్గర సముద్రం వదిలి బ్రాక్కో కనుమ ఎక్కాలి, 615 మీటర్లు. మొదటిసారి ఎక్కిన ఆనందంలో అవతల దిగుతూ భయానికి రెండు బ్రేకులూ నొక్కిపట్టే ఉంచాను. నా బండికి రిమ్ము పట్టే బ్రేకులు. ఏడెనిమిది మలుపులు తిరిగేసరికి కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఇంతలో ముందు ట్యూబు ఢామ్మని పేలింది. రోడ్డు పక్క రాళ్ల గోడకి ఆనుకుని పడ్డాను కాబట్టి బతికిపోయాను. లేచి రిమ్ము మీద వేలు పెడితే చుర్రుమంది, సాయంత్రానికి బొబ్బ లేచింది. దిగేటప్పుడు మలుపుకి ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించు, మలుపులోకి వెళ్లాక వదిలెయ్యి. మళ్లీ నొక్కు, మళ్లీ వదులు. రిమ్ముకి చల్లారే సమయం ఇవ్వాలి. చూపు నీ ముందున్న గుంత మీద కాదు, మలుపు ఎటు తేలుతుందో అటు పెట్టు. ఆదివారం మాత్రం బ్రాక్కో వద్దు, మోటార్‌సైకిళ్లు బారులు తీరి వస్తాయి.

ఎక్కలేను అనిపిస్తే రైలెక్కు. అందులో నామోషీ ఏమీ లేదు. సైకిల్ బొమ్మ ఉన్న రెజియోనాలే (ప్రాంతీయ) రైళ్లలో సైకిల్‌కి వేరే టికెట్ తీసుకుంటే చాలు. సవోనా నుంచి జెనోవా అవతల నెర్వి దాకా నువ్వు రైలులోనే వెళ్లాలని నా పట్టు. అక్కడంతా ఓడరేవు లారీలు, ఫ్యాక్టరీలు. ఆ గొడవలో పడితే చూసే ఆనందమూ లేదు, టెన్షన్ తప్ప. చింక్వె తెర్రె అనే ఐదు కొండ ఊళ్లకి కూడా సైకిల్ తీసుకెళ్లకు. లెవాంతోలో గదిలో పెట్టేసి రైలులో తిరుగు. ఆ మెట్ల దారులు నడిచేవాళ్లవి. కొండల నిండా సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, వాటి మీద ద్రాక్ష పాదులు. వాటిని నిలబెట్టడానికి అక్కడి రైతులు పడే పాట్లు నడిస్తేనే తెలుస్తాయి.

పొద్దున్నే ఆరున్నరకల్లా రోడ్డు మీద ఉండు. పన్నెండున్నర దాటాక చిన్న ఊళ్లలో దుకాణాలు మూసేస్తారు, మళ్లీ మూడున్నరకే తీస్తారు. నీళ్లు, అరటిపళ్లు పదకొండింటికే కొనిపెట్టుకో. రెక్కో దాటాక రూతా ఎక్కుడులో మిట్టమధ్యాహ్నం నా సీసా ఖాళీ అయింది. ఆలివ్ చెట్ల కింద వలలు పరుస్తున్న ఒక ముసలావిడ ఇంట్లోంచి చెంబుతో చల్లటి నీళ్లు తెచ్చి పోసింది. ఆవిడ లేకపోతే ఏమయ్యేదో.

తిండికి భయం లేదు, శాకాహారివైనా. ఫరినాతా అడుగు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. మన శనగపిండి అట్టు గుర్తొస్తుంది. పైన మిరియాల పొడి చల్లించుకో. పొద్దున ఫొకాచ్చా రొట్టె ముక్క ఒకటి కాగితంలో చుట్టించుకుని సంచిలో వేసుకో.

జులై, ఆగస్టు వద్దంటే వద్దు. ఎండ, రద్దీ, గది అద్దెలు మూడూ మండిపోతాయి. మే నెల గానీ, సెప్టెంబరు గానీ మంచిది. అక్టోబరు, నవంబరుల్లో వానలు నమ్మడానికి లేదు. 2011 అక్టోబరు 25న చింక్వె తెర్రెలోని వెర్నాజా, మొంతెరొస్సో ఊళ్లు బురదలో మునిగిపోయాయి, పది రోజులకే జెనోవాలో వరద. వాన హెచ్చరిక నారింజ రంగులోకి మారిందంటే ఆ రోజు సైకిల్ తీయకు.

టన్నెళ్లలోనూ, ఊరి బయట చీకటి పడ్డాకా మెరిసే కోటు వేసుకోవాలని అక్కడ చట్టం. మీ అమ్మ వచ్చే వారం పంపే పార్సెల్‌లో కందిపొడి కింద నా పసుపు కోటు మడిచి పెట్టాను. కుడి జేబు జిప్పు పట్టదు, ఫోన్ అందులో పెట్టకు. బ్రాక్కో దిగి లెవాంతో చేరగానే నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ ఎంత రాత్రయినా సరే.

మీ పెద్దమ్మ