పారిస్–బోర్డో–పారిస్ 1895: విజేత ఎవరు?

1895 నాటి పారిస్–బోర్డో–పారిస్ మోటారు కార్ల పందెంలో ఒక పుస్తకం లెవాసోర్‌ను, మరొకటి కెష్లాన్‌ను విజేతగా చెబుతున్నాయని, వాటిలో ఏది సరైనదని మీరు అడిగారు. రెండింటికీ ఆధారం ఉంది. సుమారు 1,178 కిలోమీటర్ల దారిని ఎమిల్ లెవాసోర్ 48 గంటల 48 నిమిషాల్లో పూర్తిచేసి అందరికన్నా ముందు చేరారు. అయితే మొదటి బహుమతి ఇద్దరికి మించి కూర్చోగల బండ్లకే అన్న నిబంధన ఉండటంతో, ఆయన పాన్హార్డ్ కారు రెండు సీట్లదే కావడం వల్ల, దాదాపు 11 గంటల తరువాత వచ్చిన కెష్లాన్ నాలుగు సీట్ల ప్యూజో కారుకు ఆ బహుమతి దక్కింది.

దారిలోని రుఫెక్ అనే ఊళ్లో తన బదులు బండి నడపవలసిన మనిషి నిద్రలో ఉన్నారని తెలిసి, లెవాసోర్ ఆ చీకట్లోనే ముందుకు సాగారు. గట్టి రబ్బరు టైర్లతో, స్టీరింగు చక్రానికి బదులు చేతికర్రతో రెండు రాత్రులు నడిపిన ఆ ప్రయాణమే, నా దృష్టిలో, అసలైన గెలుపు. మీ వ్యాసంలో ‘మొదట చేరినవారు’, ‘బహుమతి పొందినవారు’ అని విడివిడిగా రాయండి.