పెన్సిల్ పట్టని పిల్లాడికి పల్లికాయ ఇవ్వండి

నాలుగేళ్ల బాబు పెన్సిల్ గట్టిగా పట్టుకోవడం లేదు, వేళ్లకు పట్టు రావడానికి ఆన్‌లైన్‌లో కిట్లు కొనాలా అని అడిగారు. కొనకండి. నాలుగు పూసలు, ఒక పట్టకారు, రంగు మైనం ముద్దలు డబ్బాలో పెట్టి మన దగ్గర వందలకు వందలు గుంజుతున్నారు. మాది వనపర్తి వైపు పల్లె, ఉండేది మహబూబ్‌నగర్‌లో. మా చిన్నోడి వేళ్లకు పట్టు తెచ్చింది పల్లికాయ.

పాలమూరు వాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెప్తున్నా. మా దిక్కు యాసంగి పల్లి దసరాకు కాస్త అటూ ఇటూగా వేస్తారు. తినే పల్లి మిషన్‌కు పోయినా, విత్తనం చేత్తో ఒలిస్తేనే నమ్మకం. మిషన్‌లో పడితే గింజ పొట్టు లేచిపోతుంది, బద్దలు విడిపోతాయి, అది ఇక మొలవదు. అందుకే బతుకమ్మ సెలవులకు ఊరికి పోయేసరికి వాకిట్లో పల్లికాయ కుప్ప, చుట్టూ ఆడవాళ్లు, ఊరి ముచ్చట్లన్నీ అక్కడే.

మావాడు అప్పుడు ఎల్‌కేజీ. ‘చేతిలో బలం లేదు, గీత వణుకుతోంది’ అని టీచరమ్మ డైరీలో రాసి పంపింది. నాకు ఒకటే టెన్షన్, సెలవుల్లో కూడా కాపీ ముందేసుకుని కూర్చోబెట్టా. మా అత్తమ్మ ఆ కాపీ తీసి గూట్లో పెట్టి, వాణ్ని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ముందు వాడు కాయను పళ్లతో కొరకబోయాడు. వద్దంటే నేలకేసి కొట్టాడు, లోపల గింజ రెండు బద్దలైంది. “గట్ల కాదు బిడ్డా, మూతి కాడ ఒత్తు” అంటూ అత్తమ్మ కాయను నిలబెట్టి, కొసన బొటనవేలితో నొక్కింది. టప్పుమని నోరు తెరిచింది కాయ. ఆ సందులో రెండు బొటనవేళ్లూ పెట్టి విప్పాలి, గింజకు మాత్రం గోరు తగలొద్దు. “పొట్టు పోతే మొలవది” అని ఆమె ఒక్కమాట అన్నదో లేదో, వాడికి అదేదో పెద్ద బాధ్యత అనిపించినట్టుంది. నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కో కాయ ఒలిచాడు. మంచి గింజ చాటలోకి, పుచ్చుది పక్కకు.

పెంకు పగలాలంటే బలం కావాలి, గింజ నలగకుండా ఆగాలంటే అదుపు కావాలి. కాగితం చిరగకుండా గీత కనబడేలా రాయాలన్నా కావాల్సింది ఆ రెండే. సెలవులు అయ్యేసరికి వాడి చొక్కా గుండీలు వాడే పెట్టుకుంటున్నాడు, గీత కూడా నిలబడింది. వయసుతో పాటు వచ్చిందిలే అంటాడు మా ఆయన. అననీ. నేను మార్కులు పల్లికాయకే వేస్తా.

నా కోపమంతా బడుల మీద. మూడున్నరేళ్లకే నాలుగు గీతల కాపీలో కర్సివ్ ఏంటండీ? మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు ఎక్స్‌రే తీస్తే అవి కనబడవు, అన్నీ మెత్తని మృదులాస్థే. ఒక్కొక్కటే గట్టిపడుతూ చివరిది కనబడేసరికి 8 ఏళ్లు దాటిపోవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల దాకా పునాది దశ అని, ఆటపాటలతో నేర్పమని చెబుతోంది. మావాడి బడి మాత్రం సెలవుల్లో కాపీ నింపి, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టమంది. ఆ ఫొటోల్లో సగం రాతలు అమ్మలవే, చూస్తే తెలిసిపోతుంది. పైగా ఇప్పుడు పిల్లల బూట్లకు వెల్క్రో, నిక్కర్లకు ఎలాస్టిక్. వేళ్లకు ఉన్న పనంతా మనమే తీసేసి, మళ్లీ కిట్లు కొంటాం.

పల్లి లేనప్పుడు చలికాలంలో కందికాయ, అనపకాయ ఒలిపించండి. సంక్రాంతికి సకినాల పిండి కొంచెం చేతికివ్వండి. వాడు చుట్టింది ఏ ఆకారంలో ఉన్నా నూనెలో వేగాక రుచి అదే.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. పల్లిగింజ ఊపిరి గొట్టంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మీ బాబు ఒలుస్తున్నంతసేపూ ఎవరో ఒకరు పక్కనే ఉండాలి, నోట్లో వేసుకోనివ్వొద్దు. మూడేళ్లలోపు పిల్లల దగ్గరికి పల్లి రానీయకండి. వాళ్లకైతే పుంటికూర కట్ట ముందేసి ఆకు తెంపమనండి. సగం కాడలు కూరలోకే వస్తాయి, ఏం కాదు.