ఇనుము ధరలు పెరుగుతున్నాయి, ఇప్పుడే కొనిపెట్టుకోవాలా, తగ్గేదాకా ఆగాలా?

తిరుపతిలో ఇంటి వెనక చిన్న రేకుల షెడ్డు వేసుకొని సెలవు రోజుల్లో ఇనుప పని నేర్చుకుంటున్నానని, కొత్త ఇనుముతో పాటు పాత ఇనుము కూడా ప్రియమవుతున్నందున ఇప్పుడే కొని నిల్వ పెట్టుకోవాలో, తగ్గేదాకా ఆగాలో తేలడం లేదని మీరు రాశారు. నన్నడిగితే ఈ రెండూ అంగడివాడు వేసుకోవలసిన లెక్కలే గాని మీకు పనికివచ్చేవి కావు. నేను ఉద్యోగానికి సెలవు దొరికినప్పుడల్లా మాధవమాలలో కొయ్య చెక్కే మిత్రుల కోసం ఉలులు చేస్తుంటాను. ఒక ఉలికి పట్టే ఇనుము పావు కిలోకు మించదు. కిలో మీద పది రూపాయలు పెరిగినా ఉలి మీద పడే భారం రెండున్నర రూపాయలు. ఆ డబ్బుకు బస్టాండు దగ్గర సగం టీ కూడా రాదు. ధర పెరిగినప్పుడు మనలాంటివాళ్ళు నిజంగా పోగొట్టుకునేది పాత సామాన్ల అంగడిలో కుప్ప దగ్గర కూర్చొని కావలసిన ముక్కను ఏరుకునే వీలు. దాన్ని ఎలా నిలబెట్టుకోవాలన్నదే మీరు ఆలోచించవలసిన విషయమని నా అభిప్రాయం.

అయినా ధరల సంగతి కొంత తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇనుము పెరిగిందన్న ఒక్క మాట పట్టుకొని అంగళ్ళవాళ్ళు అన్నిటికీ కలిపి పెంచేస్తారు. మనం కొనే సరుకు రెండు దారుల్లో వస్తుంది. స్క్వేర్ పైపు, షీటు, ప్లేటు పెద్ద కర్మాగారాల్లో చుట్టలుగా తయారయ్యే కాయిల్ నుంచి పుడతాయి. యాంగిల్, పట్టీ, చదరపు కడ్డీ వంటివి చాలావరకు చిన్న రోలింగ్ మిల్లుల్లో తయారవుతాయి. మనకు దగ్గరలో అటువంటి మిల్లులు గుమ్మిడిపూండిలో ఉన్నాయి. కరెంటుతో నడిచే ఇండక్షన్ ఫర్నేసుల్లో పాత ఇనుమును, ఖనిజాన్ని కరిగించకుండానే తీసిన స్పాంజి ఐరన్‌ను కరిగించి పోసిన బిల్లెట్లనే దిమ్మెలు ఆ మిల్లులకు వెళతాయి కాబట్టి పాత ఇనుము ధర మొదట యాంగిల్‌ను తాకుతుంది. కాయిల్ ధరనేమో ఇనుప ఖనిజం, దాన్ని కరిగించడానికి వాడే కోకింగ్ బొగ్గు, దిగుమతి సుంకాలు నడిపిస్తాయి; ఆ బొగ్గులో అధిక భాగాన్ని మన దేశం బయటినుంచి, ముఖ్యంగా ఆస్ట్రేలియా నుంచి తెచ్చుకుంటోంది. 2025 ఏప్రిల్ 21న కేంద్ర ప్రభుత్వం వేసిన 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం కాయిల్, షీటు, ప్లేటు తరగతికి చెందిన దిగుమతులపైనే గాని యాంగిళ్ళ మీద కాదు. ఆ వారంలో సుంకం పేరు చెప్పి యాంగిల్ ధర కూడా పెంచిన అంగడి నాకు తెలుసు.

విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని పోరాడి తెచ్చుకున్న కర్మాగారం ఉండగా మనకీ అవస్థ ఏమిటని అడిగేవాళ్ళు ప్రతి టీ అంగడి దగ్గరా ఉంటారు. ఆ కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు. పైగా అది చేసేది కమ్మీలు, వైరు రాడ్లు, యాంగిళ్ళు, ఛానళ్ళే గాని షీటు కాదు, కాబట్టి మీ షెడ్డు తలుపు పైపుకు దానితో సంబంధమే లేదు. నాకు కోపం తెప్పించేది ధరలు ఎక్కే వేగానికీ దిగే వేగానికీ ఉన్న తేడా. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత ఏప్రిల్ నాటికి కాయిల్ ధర టన్నుకు 75 వేల రూపాయలు దాటింది, ఆ పెంపు మా వీధి అంగటికి ఎప్పటికప్పుడు అదే సాయంత్రం చేరింది. మే 22 నుంచి కేంద్రం ఉక్కు ఎగుమతులపై 15 శాతం సుంకం వేయగానే మిల్లుల దగ్గర ధర జారిపోయింది; మా వీధిలో మాత్రం పాత సరుకు అయిపోలేదన్న సాకుతో వినాయక చవితి దాకా పాత ధరే నడిచింది. ఆ సుంకాన్ని నవంబరులో ఎత్తివేశారన్న వార్త మళ్ళీ ఎంత త్వరగా మా వీధికి చేరిందో వేరే చెప్పనక్కరలేదు.

ధర పెరిగిన రోజుల్లో జరిగే మరొక మాయ గేజిది, అంటే రేకు మందానిది; గేజి అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది. అంగుళం స్క్వేర్ పైపు 20 అడుగుల నిడివి 16 గేజిదైతే సుమారు 7 కిలోలు తూగాలి, 18 గేజిదైతే అయిదున్నర దరిదాపుల్లో ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. నిడివి లెక్కన ధర చెప్పేవాడి దగ్గర కొనవలసి వస్తే కాటా వేయించండి. వేయనంటే బయటికి రండి. గుండ్రటి కడ్డీకైతే లెక్క ఇంకా సులభం: మిల్లీమీటర్లలో ఉన్న వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 890 గ్రాములకు కొంచెం తక్కువ.

కొర్లగుంటలో నా మిత్రుడొకడికి చిన్న గ్రిల్ షాపు ఉంది. నిజమైన దెబ్బ తగిలేది అటువంటి షాపులకే. కొత్త లేఅవుట్లలో ఇళ్ళు కట్టుకునేవారు కిటికీ గ్రిల్‌కు చదరపు అడుగుకు ఎంత అని అడిగి, ఆ ధరను ఫోనులో భద్రంగా దాచుకొని, గోడలు లేచి పూత పని కూడా అయిన తరువాత వచ్చి అదే ధరకు చేయమంటారు. ఈ లోపల ఇనుము పెరిగితే నష్టం షాపువాడిది, తగ్గితే మాత్రం తగ్గింపు తమకు రావాలంటారు. మావాడు ఇప్పుడు చీటీ మీద తేదీ వేసి, ఆ ధర వారం రోజుల వరకే చెల్లుతుందని రాసి, ఇనుము మొత్తానికి సరిపడా అడ్వాన్సు చేతికి వస్తేనే ఒప్పుకుంటున్నాడు. అందువల్ల కొన్ని బేరాలు పోయిన మాట నిజమే. అవి పోవలసిన బేరాలేనని నేనంటాను, వాడి భార్య ఒప్పుకోదు.

ఇక పాత ఇనుము సంగతి. 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్టీ నమోదు లేనివారి దగ్గర లోహపు తుక్కు కొన్నప్పుడు నమోదైన కొనుగోలుదారే ఆ పన్ను కట్టాలన్న నియమం వచ్చింది. అప్పటినుంచి కొంచెం పెద్ద అంగళ్ళన్నీ లోడు లెక్కన, కాగితం లెక్కన నడుస్తున్నాయి. మూడు కిలోల ముక్క కోసం గంటసేపు కుప్ప కెలికే మనిషి వాళ్ళ కంటికి ఇప్పుడు అడ్డంకిగానే కనబడతాడు. కారణం పన్నేనని రుజువు చేయమంటే నా దగ్గర కాగితాలు లేవు గాని, మార్పు మాత్రం నా కళ్ళముందే జరిగింది.

పోయిన వేసవిలో రేణిగుంట రోడ్డులో నేను చాలాకాలంగా వెళ్ళే అంగటికి ఉలులకు పనికివచ్చే లారీ కమాను పట్టీల (చక్రాల మీద కుదుపును ఆపే స్ప్రింగు పట్టీల) కోసం మా గ్రిల్ షాపు మిత్రుడితో కలిసి వెళ్ళాను. గేటు దగ్గర కొత్త ఎలక్ట్రానిక్ కాటా, దాని పక్కన చెరకు గానుగ రోళ్ళు, వంగిన ఆటో చట్రాలు, తుప్పు పట్టిన బోరు పైపులు ఉన్నాయి. ఒక కుర్రవాడు ఫర్నేసులో పట్టడానికి వీలుగా గ్యాస్ కట్టరుతో పొడుగు ఇనుమునంతా అడుగున్నర ముక్కలుగా కోస్తున్నాడు, కమాను పట్టీల కట్ట అతని కాళ్ళ దగ్గరే తన వంతు కోసం పడి ఉంది. నేను ఎప్పటిలాగే వంగి చెయ్యి వేయబోతే యజమాని కుర్చీలోంచి లేవకుండానే అడ్డుపడ్డాడు.

"పోయిన తూరి మాదిరి ఏరుకునేది కుదరదు సార్. ఈ లోడు మాట్లాడేసినాం. తూకం తగ్గితే అక్కడ మాట పడాల."

కిలోకు పది ఎక్కువిస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. అప్పుడు మా మిత్రుడు అందుకొని, "నీకు తూకమే కదన్నా కావాల్సింది, మా షాపులో ముక్కలుండాయి, తెచ్చి పోస్తాను, తూకానికి తూకం తీసుకో" అన్నాడు. యజమాని కొంతసేపు పలకలేదు. తరువాత కుర్రవాడిని మంట ఆర్పమన్నాడు.

ఆటోలో వచ్చిన గోనెసంచిని అతను అలాగే కాటా ఎక్కించలేదు. ఒక్కొక్క పైపు ముక్కను తీసి, నిలువుగా నేలకేసి రెండుసార్లు తట్టి, లోపల మన్ను, సిమెంటు ఏమీ రాలడం లేదని చూసుకొని పక్కన వేశాడు. తూకం కోసం మన్ను దట్టించి తెచ్చేవాళ్ళు అంత ఎక్కువయ్యారట. నేను ఆ వ్యవధిలో అక్కడి గ్రైండరుకు కమాను పట్టీ అంచు తాకించి చూశాను. రవ్వలు కొంత దూరం వెళ్ళి, చివర కొమ్మలు కొమ్మలుగా చీలి, చిన్న చిన్న పువ్వుల్లా పగిలాయి. పోలిక కోసం మా మిత్రుడి పైపు ముక్క ఒకటి తాకించాను, పొడుగాటి గీతలే తప్ప చీలికలు దాదాపుగా లేవు. రవ్వలు అలా పువ్వుల్లా పగిలితే ఆ ఇనుములో కర్బనం ఎక్కువని, కాల్చి ముంచితే గట్టిపడుతుందని గుర్తు. యజమాని రెండూ చూశాడు.

"రెండూ నిప్పురవ్వలే గదా సార్. ఫర్నేసుకు తేడా ఏముంది?"

మా ముక్కలు 31 కిలోలు, పట్టీలు 28 కిలోలు తూగాయి. తేడాలో ఉన్న మూడు కిలోలు కుర్రవాడి గ్యాసు కింద పోతాయన్నాడు, సరేనన్నాను. మా మిత్రుడి ముక్కలకు ఆనాటి ధర కట్టి నేను వాడికి డబ్బిచ్చేశాను.

మీరు పట్టుకోవలసిన కిటుకు ఆ యజమాని మాటలోనే ఉంది. కరిగించేవాడికి గేటు పైపు, కమాను పట్టీ ఒకే బరువు, ఒకే ధర. పని చేసుకునేవాడికి మొదటిది ఉలిగా పనికే రాదు, రెండోది ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ధర దగ్గర బేరమాడితే మీరు ఫర్నేసుతో పోటీపడాలి, ఆ పోటీలో గెలవరు. అతని తూకం తగ్గకుండా చూస్తే పోటీయే ఉండదు. ఇంటి దగ్గరలో ఒక గ్రిల్ షాపుతోనో లేతు షాపుతోనో స్నేహం చేయండి, వాళ్ళ ముక్కలు ఎలాగూ వారం వారం తుక్కుకే పోతాయి.

ఈ పద్ధతిలో అడగదగినవి కమాను పట్టీలు, బేరింగు రింగులు, అరిగిపోయిన ఆకురాళ్ళు. పట్టీల్లో మధ్యన బోల్టు రంధ్రం ఉన్నచోటు వదిలేసి చివరల వైపు తీసుకోండి, విరిగిన పట్టీలకు కంటికి కనబడని పగుళ్ళు ఎక్కువగా అక్కడే ఉంటాయి. గట్టిపరచడానికి ఎర్రగా కాల్చిన ఉలిని నీటిలో కాకుండా నూనెలో ముంచండి, లేకపోతే టప్పున చీలుతుంది. ఇనుమును పెట్టి కొట్టే దాగలి కోసం రైలు పట్టా ముక్క ఉందా అని మాత్రం ఎక్కడా నోరు జారకండి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం, ఆ మాట వింటే నిజాయితీగల అంగడివాడు మిమ్మల్ని మళ్ళీ గేటులోకి రానివ్వడు.

నిల్వ సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను, పైపులు కొని పెట్టుకోకండి. అక్టోబరు, నవంబరు వానలకు మన ఊళ్ళో రేకుల షెడ్డులో ఉన్న పైపుకు తుప్పు లోపలినుంచి పట్టుకుంటుంది, పైన రంగు వేసినా ఆగదు. ఒక పనికి కావలసినంతే, ఆ పని మొదలుపెట్టే వారంలోనే తెచ్చుకోండి. కమాను పట్టీలైతే దొరికినప్పుడు తీసుకొని, పాత ఇంజిన్ ఆయిలు పూసి గోడకు ఆనించి పెట్టండి. మీటరు పట్టీ ఆరు కిలోల దాకా ఉంటుంది గనుక ఒక్కదానితో మీకు ఇరవై ఉలులు వస్తాయి.