మధ్యలో ఇంగ్లీషు ఎందుకు?

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన కథ, దాని స్పానిష్ అనువాదం రెండూ చదివాను. కథ బాగుంది. అనువాదంలో మాత్రం తల్లి కూతుర్ని దుర్గ గుడికి తీసుకెళ్ళడానికి బదులు, మాత్ర వేసుకున్నట్టు పుచ్చేసుకుంది! 'తోమార్' అనే స్పానిష్ క్రియ తెచ్చిన తంటా అది. నీ తెలుగు వాక్యం మనసులోనే 'టేక్' అయిపోయింది. నిఘంటువులో దాని పక్కన ముందుగా కనబడింది 'తోమార్'. సొంత కథను స్పానిష్‌లోకి తెచ్చుకుంటూ దారిలో ఇంగ్లీషుకు సుంకం కట్టడం ఎందుకమ్మా?

ఆ 'టేక్' మన దగ్గర ఎన్ని ముక్కలవుతుందో చూడు. గుడికి తీసుకెళ్తాం, ఫోటో తీస్తాం, మాత్ర వేసుకుంటాం, చెప్పులు విప్పుతాం, కొండెక్కడానికి అరగంట పడుతుంది. స్పానిష్ కూడా దాదాపు అక్కడక్కడే, అదే వరుసలో విరుగుతుంది: యెవార్, సకార్, తోమార్, కితార్సె, తర్దార్. సకార్ అంటే లోపల ఉన్నదాన్ని బయటికి తీయడం. ఫోటోను వాళ్ళూ మనలాగే తీస్తారు. బస్సు ఎక్కడానికి స్పెయిన్‌లో 'కొహేర్' అనడం మామూలే. మెక్సికోలో, అర్జెంటీనాలో అది బూతు. నీ పాఠకులు ఎక్కడివాళ్ళో తేలేదాకా దాని జోలికి పోకు.

ఇంగ్లీషు 'బీ' ఒక్కదానికి స్పానిష్‌లో రెండు క్రియలు, సేర్, ఎస్తార్. అందరినీ బెదరగొట్టే వాటి దగ్గర కూడా తెలుగే అక్కరకొస్తుంది. 'ఆమె టీచరు' అంటాం, క్రియే ఉండదు: అక్కడ సేర్. 'ఆమె గుంటూరులో ఉంది', 'టీ చల్లగా ఉంది': అక్కడ ఎస్తార్. ఇంకా సూక్ష్మం కావాలా? 'అందంగా ఉంటుంది' అంటే సేర్, 'ఇవాళ అందంగా ఉంది' అంటే ఎస్తార్. ఇది చాలా దూరం నడిపిస్తుంది కానీ చివరిదాకా కాదు. సభ ఫలానా హాల్లో ఉంది అనాలంటే సేర్ వాడాలి, ఎందుకంటే అది జరిగే సంగతి, ఉండే వస్తువు కాదు.

తెలుగు మోసం చేసే చోట్లూ ఉన్నాయి. అమ్మ పిలిస్తే మనం 'వస్తున్నా' అంటాం, ఇంగ్లీషువాళ్ళూ అంతే. స్పానిష్ పిల్లవాడు 'యా వోయ్', అంటే వెళ్తున్నా అంటాడు. అవతలి మనిషి ఎదురుచూస్తున్నా, తాను నిలబడ్డ చోటునుంచే లెక్క. అలాగే 'అడగడం' మనకు ఒక్కటే, వాళ్ళకు రెండు. వస్తువో సాయమో కావాలని అడిగితే పెదీర్, ప్రశ్న అడిగితే ప్రెగుంతార్. రెండోదాంట్లో మీ ఊరు సగం వినబడుతోంది కనుక మరచిపోవు.

అనుమానం వచ్చినప్పుడు దొరికిన స్పానిష్ మాటను స్పానిష్ నిఘంటువులోనే మళ్ళీ వెతుకు. 1713లో పుట్టిన రాయల్ స్పానిష్ అకాడమీ వారిది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

నాలుగో పేజీలో కండక్టరు టికెట్లు అడిగాడు, నీ పాప మంగళగిరి ఎప్పుడొస్తుందని అడిగింది. రెండింటికీ ప్రెగుంతారే రాశావు. కండక్టరు సంగతి సరిచేసి పంపు, మిగతాది అప్పుడు చూస్తాను.