శనగలో ఆకుపచ్చ, కందిలో గోధుమ రంగు: రెండూ ఒకే పురుగా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం. నాలుగెకరాల నల్లరేగడిలో శనగ వేశాను. కాయల్లో ఆకుపచ్చ పురుగు కనిపిస్తోంది. పక్క కంది చేలో గోధుమ రంగుది, గట్టు మీద తుత్తురుబెండ కాయల్లో గులాబీ ఛాయ ఉన్నది చూశాను. ఇవి వేర్వేరు జాతులా? మొదట ఫ్లూబెండమైడ్, పది రోజులకు క్లోరాంట్రానిలిప్రోల్ కొట్టాను, సరిగా చావలేదు. గట్ల మీద మొక్కలన్నీ గడ్డిమందుతో చంపేయమంటారా?

జవాబు: గట్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఎందుకో చెప్తాను.

మీరు చూసిన మూడూ శనగపచ్చ పురుగే అయి ఉంటాయి. దీని రంగు తిన్న తిండిని బట్టి కూడా మారుతుంది. రంగు వదిలేసి పక్కలు చూడండి, ఒంటి పొడవునా పాలిపోయిన చార ఉంటుంది. కాయకు గుండ్రంగా కన్నం పెట్టి, తల లోపల దూర్చి, సగం ఒళ్లు బయట పెట్టుకుని తింటుంది. నమ్మకం కుదరకపోతే మూడు రంగుల పురుగుల్ని తడిమట్టి వేసిన మూడు డబ్బాల్లో పెట్టి, శనగ కాయలు మేపండి. మూడింట్లోనూ ఒకే తీరు రెక్కల పురుగులు వస్తాయి.

మన దేశంలో ఈ పురుగు 180కి పైగా మొక్కల మీద బతుకుతుంది. రెక్కల పురుగు రాత్రిళ్లు చాలా దూరం ఎగురుతుంది. కందిలో పుట్టినది శనగలో గుడ్లు పెడుతుంది, తుత్తురుబెండ మీద పెరిగినది మీ చేలో జత కడుతుంది. అందుకే పంటకో జాతిగా విడిపోలేదు. కానీ పైకి ఒకేలా ఉన్నా లోపల జన్యువులు రకరకాలు. వేల పురుగుల్లో ఏ కొన్నిటికో మందును అరిగించుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. ఒకే రకం మందు మళ్లీ మళ్లీ కొడితే మెత్తవి పోయి, ఆ గట్టివే మిగిలి పిల్లల్ని పెడతాయి.

1987-88లో మన ప్రకాశం, గుంటూరు పత్తి రైతులకు జరిగింది ఇదే. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే గుంపు పురుగుమందులు ఎన్నిసార్లు కొట్టినా ఈ పురుగు చావలేదు. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న రైతుల ఇళ్లు ఆ బాధను ఇంకా మోస్తున్నాయి. మీ మందుల పేర్లు చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

మీరు మందు మార్చాననుకున్నారు, మారలేదు. ఫ్లూబెండమైడ్, క్లోరాంట్రానిలిప్రోల్ రెండూ ఒకే గుంపువి, పురుగు కండరాల మీద ఒకే చోట దెబ్బ తీస్తాయి. ఒకదాన్ని తట్టుకున్న పురుగు రెండోదాన్నీ తట్టుకోవచ్చు. కొట్లో కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదివించుకోండి. పైగా కాయలోకి దూరిన పెద్ద పురుగుకు ఏ మందైనా సరిగా తగలదు.

ఇక గట్టు సంగతి. అక్కడి పురుగులు మందు రుచి చూడనివి. వాటి రెక్కల పురుగులు మీ చేలో మిగిలిన గట్టివాటితో జత కడితే, తట్టుకునే గుణం చాలావరకు పలచబడుతుంది. పత్తిలో గులాబీ రంగు పురుగు చూడండి. అది దాదాపు పత్తి మీదే బతుకుతుంది, చుట్టూ ఎటు చూసినా బీటీ (పురుగును చంపే విషం మొక్కలోనే ఉండే పత్తి) చేలే, బయటి నుంచి జతకు వచ్చే మెత్తటి పురుగు లేదు. బీటీ పత్తికి 2002లో అనుమతి వస్తే, పదిహేనేళ్లు తిరక్కముందే దాని తర్వాత వచ్చిన బీటీ-2 పత్తిని కూడా గెలిచింది. ఎన్నో రకాల మొక్కల మీద తిరిగే శనగపచ్చ పురుగు మాత్రం బీటీకి అంత తొందరగా అలవాటు పడలేదు.

గట్టు మీద మేలు చేసే కందిరీగలు కూడా తలదాచుకుంటాయి. ఎండిన పురుగు తోలు పక్కనే బియ్యపు గింజంత తెల్లటి గూడు కనిపిస్తే అది వాటిదే, నలపకండి. మినుము వేసినప్పుడు పల్లాకు తెగులు (ఆకులు పసుపు పచ్చగా మారే వైరస్ జబ్బు) భయంతో గట్టు కలుపు తీయడం వేరే లెక్క, దాన్ని ఇక్కడికి తేవద్దు.

ఇప్పుడు చేలో అక్కడక్కడ మీటరు సాలు పొడవున లెక్కపెట్టండి. సగటున ఒక పురుగు దాటితేనే పిచికారీ. లీటరు నీటికి 0.4 గ్రాముల ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. కలిపి కొట్టండి, ఇది వేరే గుంపు మందు. ఎకరాకు 20 పక్షి స్థావరాలు (పురుగుల్ని తినే పక్షులు వాలే కర్రలు) పాతండి. తర్వాత మళ్లీ చిన్న పురుగులు కనిపిస్తే ఎన్.పి.వి. (ఈ పురుగుకు జబ్బు తెచ్చే వైరస్) ద్రావణం ఎకరాకు 200 ఎల్.ఇ. (ఒక ఎల్.ఇ. అంటే జబ్బుతో చచ్చిన ఒక పురుగులో ఉండేంత వైరస్) కొట్టండి, సాయంత్రం ఎండ తగ్గాక. వారం లోపు పురుగులు కొమ్మల చివర తలకిందులుగా వేలాడి, నల్లబడి కారిపోతాయి. అలా కనిపించినప్పుడు టెన్షన్ పడి మళ్లీ మందు కొట్టకండి, ఆ జబ్బు మిగతా పురుగులకూ అంటుకుంటూ ఉంటుంది.